సగం గడ్డ శ్రీకాకుళంలో, సగం విజయనగరంలో

ఆడపడుచు కూతురి పెళ్ళికి బయలుదేరుతూ నల్లపూసల కొక్కెం పెట్టుకుంటుంటే చేతికి తగిలింది. మెడకి ఎడమవైపు, కాలర్‌బోన్ పైన, చింతపిక్కంత గడ్డ. నొప్పి లేదు. నొక్కితే కొంచెం పక్కకి జారుతోంది. పెళ్ళి హడావిడిలో దాన్ని మర్చిపోయానని చెబితే అబద్ధం. భోజనాల బంతిలో కూర్చున్నా నా చెయ్యి దానంతట అదే అక్కడికి పోయేది.

నాకు నలభై ఆరేళ్ళు. నరసన్నపేట బజారులో మాది పప్పులు, చోళ్ళు (రాగులే), నువ్వుల హోల్‌సేల్ షాపు. మా ఆయన, ఆయన అన్నగారు కలిసి నడుపుతారు. కాటా దగ్గర నేనుంటాను. నా నోరు కాస్త పెద్దదని బజారంతా అంటుంది. నిజమే. ఆ నోరు ఎక్కడ పనికొచ్చిందో ఇప్పుడు చెప్పబోతున్నాను కాబట్టి, చదివేవాళ్ళు కూడా కాస్త ఓర్చుకోవాలి.

పెళ్ళి నుంచి వచ్చాక సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. తెల్లారి లేచేసరికి జాకెట్టు తడిసి ముద్దయ్యేది. కాళ్ళకీ చేతులకీ ఒకటే దురద. చీర కట్టుకుంటుంటే కుచ్చిళ్ళు ఎక్కువ వస్తున్నాయి. షాపుకొచ్చే ఆడవాళ్ళు మాత్రం "సన్నబడిపోనావు, ఏటి తింటన్నావే, మాకూ సెప్పవే" అని వెంటపడేవారు. వాళ్ళని చూసి నవ్వేదాన్నే గానీ లోపల భయం మొదలైంది.

శ్రీకాకుళంలో ఒక ఫిజీషియన్‌కి చూపించాం. గడ్డలోకి సూది పెట్టి చుక్క తీశారు. దాన్ని ఎఫ్ఎన్ఏసీ అంటారు. రిపోర్టు చూసి ఆయన, "గ్రాన్యులోమాలా కనిపిస్తోందమ్మా. మన దగ్గర మెడలో ఇలాంటి గడ్డలు ఎక్కువగా టీబీవే అవుతుంటాయి. మందులు మొదలుపెట్టి చూద్దాం" అన్నారు. మొదలుపెట్టాం. ఒంటేలు నారింజరంగులో వచ్చేది, పొద్దున్నే మాత్రలు మింగితే మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పేది. జ్వరం తగ్గలేదు. చింతపిక్క కాస్తా నిమ్మకాయంత అయింది. దాని పక్కన ఇంకోటి లేచింది.

ఆ డాక్టరుగారిలో నాకు నచ్చింది ఒక్కటే. తప్పుని కప్పిపుచ్చుకోలేదు. "మందుకి తగ్గలేదంటే మనం పొరబడి ఉండొచ్చు. సూదితో లాభం లేదు. నోడ్ మొత్తం తీసి బయాప్సీకి పంపాలి" అన్నారు.

శ్రీకాకుళంలోనే ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆపరేషన్ జరిగింది. సర్జన్ గడ్డని ప్లాస్టిక్ డబ్బాలో వేసి మా ఆయన చేతికిచ్చి, "ఫార్మలిన్‌లో ఉంది. మూత తియ్యకుండా ఇవాళే ల్యాబ్‌లో ఇచ్చెయ్యండి" అని చెప్పారు. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. అక్కడి నుంచి మా వ్యాపారబుద్ధి రంగంలోకి దిగింది.

మా వ్యాపారంలో మచ్చు అని ఒకటుంటుంది. బస్తాలోంచి తీసి చూపించే గుప్పెడు సరుకు. మినుములు అమ్మాలన్నా కొనాలన్నా ఆ మచ్చుని రెండు పొట్లాలు కట్టి, వేరువేరుగా ఇద్దరికి చూపిస్తాం. ఒకడు తేమ ఉందని ధర దిగ్గొయ్యబోతే రెండోవాడి మాట చెప్పి నిలదీస్తాం. మా మామగారి నాన్నగారి కాలం నుంచీ ఇదే పద్ధతి. ఒక్క మాట మీద బేరం తెంపడమంటే మా ఇంట్లో తెలివితక్కువతనం.

మా బావగారు ఫోన్ చేసి తమ్ముడితో అన్నారు. "ఒరే, మొత్తం ఒక్క సోటే ఇయ్యకురా. ఆడేటి రాస్తే అదే నమ్మాల్సొస్తాది. సగం అక్కడియ్యి, సగం ఇజీనారం పట్టుకెళ్ళు. రెండూ కలిస్తే అప్పుడు నిజం."

మా ఆయన వచ్చి నాకు చెప్పారు. కుట్లు లాగుతుంటే పడుకుని ఉన్నాను. నేనూ ఆ ఇంటి కోడల్నే కదా, సరే అన్నాను. శ్రీకాకుళం ల్యాబ్‌లో వాళ్ళు ముందు ఒప్పుకోలేదట. మా ఆయన "ఫీజు మొత్తం ఇస్తాం, కండ సగమే ఇస్తాం" అని బేరం పెట్టారట. ఇలాంటి బేరం ఆ ల్యాబ్ చరిత్రలో ఎవరూ పెట్టి ఉండరు. చివరికి కోసి సగం ఉంచుకుని, సగం మళ్ళీ డబ్బాలో వేసి ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఆయన విజయనగరం దగ్గర ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబ్‌లో ఇచ్చి వచ్చారు.

ముందు శ్రీకాకుళం రిపోర్టు వచ్చింది. "రియాక్టివ్. నో మాలిగ్నెన్సీ." అంటే కేన్సర్ ఏమీ లేదు, ఏదో ఇన్‌ఫెక్షన్‌కి వాచిన గడ్డ అని. బావగారు జాంగ్రీలు తెచ్చి బజారులో పంచారు. జ్వరంతో మూలుగుతూనే నేనూ ఒకటి తిన్నాను.

తర్వాత విజయనగరం రిపోర్టు వచ్చింది. "ఎటిపికల్ లార్జ్ సెల్స్ ఉన్నాయి. హాడ్జికిన్ లింఫోమా అనుమానం. నిర్ధారణకి ఐహెచ్‌సీ చేయాలి." మా ఫిజీషియన్‌గారు దాన్ని చదివి వినిపించి, మామూలుగా ఉండని పెద్ద కణాలు కనబడ్డాయని, లింఫోమా అంటే లింఫ్ గ్రంథుల కేన్సర్ అని చెప్పారు. గుండెల్లో రాయి పడింది.

ఇంట్లో బావగారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"మచ్చు రెండు సోట్లా రెండు రకాలుగా పలికితే మనం ఏటి సేస్తాం? మజ్జిలో కట్టుకుంటాం. అలాగే..."

"మజ్జిలో ఏటుంటాది బావగారూ? సగం కేన్సరుంటాదా?" అన్నాను.

పెళ్ళయినప్పటి నుంచీ ఆయనకి నేను ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఆయన రెండు రిపోర్టులూ మడిచి నా చేతికిచ్చేశారు.

ఇక ఐహెచ్‌సీ సంగతి. మా ఆయన ల్యాబ్‌కి ఫోన్ చేసి రేటు అడిగారు. ఫోన్ పెట్టేశాక ఆయన మొహం చూడాలి. అదే గడ్డ ముక్కని పల్చగా కోసి, గాజు స్లైడ్ మీద అతికించి, ఒక్కో దానికి ఒక్కో రకం రంగు పట్టిస్తారట. ఒక్కో రంగుకి విడివిడిగా డబ్బు. మామూలు స్లైడ్‌కి అయ్యే ఖర్చుకి ఎన్నో రెట్లు. అలాంటివి చాలా పడొచ్చట.

"గాజుముక్కకి రంగెయ్యడానికి అన్ని డబ్బులేటే? ఆ డబ్బులతో మన షాపు మొత్తానికి రంగులేయించి, బోర్డు కూడా మార్చీయొచ్చు" అన్నారు.

ఆ మాటకి నాకూ నవ్వొచ్చింది. కానీ విశాఖలో మేం చూపించుకున్న కేన్సర్ డాక్టరుగారు మరోమాటకి తావివ్వలేదు. "లింఫోమాల్లో చాలా రకాలున్నాయి. రకాన్ని బట్టి మందు మారుతుంది. ఏదో తెలియకుండా కీమో ఎలా ఎక్కించనమ్మా? రిపోర్టు తీసుకురండి, మర్నాడే మొదలుపెడతాను." అంటే నా ప్రాణం ఆ గాజుముక్కల మీద ఉందన్నమాట. అప్పటికే సీటీ స్కాన్‌లో ఛాతీ లోపల కూడా గడ్డలు కనిపించాయి. మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.

ఊరికే డబ్బు కట్టడం నావల్ల కాదు. దేనికి కడుతున్నానో తెలియాలి. విజయనగరం వెళ్ళి, రిపోర్టు మీద సంతకం పెట్టిన డాక్టరమ్మని చూడాలని కూర్చున్నాను. పేషెంట్లతో మాట్లాడే పని ల్యాబ్ డాక్టర్లకి పెద్దగా ఉండదట. కౌంటర్ అమ్మాయి కంగారుపడింది. చివరికి ఆవిడే బయటికొచ్చి లోపలికి తీసుకెళ్ళారు.

"గాజు అదే, కండ అదే. రంగు మారితే ఇంత తేడా ఏటి డాక్టరమ్మా?" అని అడిగాను.

ఆవిడ విసుక్కోలేదు. "మామూలు స్లైడ్‌కి వేసేవి రెండు రంగులు. ఒకటి ఊదా, ఒకటి గులాబీ. పెద్ద సీసాల్లో వస్తాయి. ఒకేసారి ఎంతోమంది స్లైడ్లు ముంచి తీస్తాం. వాటితో కణం ఆకారం తెలుస్తుంది. ఐహెచ్‌సీలో వేసేది యాంటీబాడీ. కణం మీద ఒక ఫలానా గుర్తు ఉంటేనే అది అతుక్కుంటుంది, లేకపోతే కడిగితే పోతుంది. ఒక్కో గుర్తుకి ఒక్కో బుల్లి సీసా. దాన్ని చల్లగా తేవాలి, చల్లగా దాచాలి. పెద్ద నగరాల్లో రోజూ కేసులుంటాయి కాబట్టి సీసా ఖాళీ అయిపోతుంది. మాకు మీలాంటి కేసు ఎప్పుడో గానీ రాదు. కొన్ని సీసాలు గడువు దాటిపోయి పారబోస్తాం."

"అయితే మీరు పారబోసినదానికీ మేమే కట్టాలా?"

ఆవిడ గట్టిగా నవ్వేశారు. "కొంతవరకు అంతే. ఇంకోటి కూడా ఉంది. మీ స్లైడ్‌తో పాటు ప్రతిసారీ కంట్రోల్ స్లైడ్ పెట్టాలి. రంగు కచ్చితంగా పట్టి తీరుతుందని ముందే తెలిసిన వేరే కండ అది. దానికి పట్టకపోతే మందు పనిచెయ్యలేదని అర్థం. ఆ రోజు వేసినవన్నీ తీసేసి మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సిందే."

ఇది నాకు వెంటనే అర్థమైంది. పొద్దున్నే షాపు తీయగానే కాటా మీద ప్రభుత్వ ముద్ర ఉన్న రాయి పెట్టి సరిచూసుకున్నాకే మేం సరుకు తూస్తాం. రాయి పెట్టని కాటాని నేనే నమ్మను. ఇక రేటు గురించి నేను నోరెత్తలేదు.

అయినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? "అన్ని రంగులూ ఒకేసారి వెయ్యకపోతే?" అని అడిగాను.

"అలా కూడా చెయ్యొచ్చు. ముందు ముఖ్యమైనవి వేస్తాను. వాటిని చూసి అవసరమైతేనే మిగతావి. మీలా అడిగేవాళ్ళు తక్కువ" అన్నారు ఆవిడ. ఆ తర్వాత మొహం మారింది. "కానీ మీరు పంపిన ముక్క మరీ చిన్నది. గడ్డ నిమ్మకాయంత ఉందని రాశారే, మిగతాదేది?"

మా ఆయన గోడ మీది చార్టు చదవడం మొదలుపెట్టారు. మచ్చు పద్ధతితో సహా నేనే చెప్పాను. ఆవిడ తల పట్టుకున్నారు.

"గడ్డంతా ఒకేలా ఉండదమ్మా. పెద్ద కణాలు ఒకచోట ఎక్కువ, ఇంకోచోట అసలే లేకపోవచ్చు. మినుముల బస్తాలా ఎక్కడ గుప్పెడు తీసినా ఒకటే అనుకుంటే ఎలా?"

డబ్బు కట్టి వచ్చాం. కొన్నాళ్ళకి ఫోన్ వచ్చింది. ముఖ్యమైన రంగుల్లో ఒకటి పట్టీ పట్టనట్టు ఉందట. ఇంకో రంగు వేద్దామంటే ముక్క అయిపోయిందట. టిష్యూ ఎగ్జాస్టెడ్ అన్న మాట నేను మొదటిసారి అప్పుడే విన్నాను. "నా అనుమానం పెరిగింది గానీ, దీని మీద సంతకం పెట్టలేను. మళ్ళీ ఆపరేషన్ చేసి ఇంకో నోడ్ తియ్యాలి. లేదంటే శ్రీకాకుళం ల్యాబ్‌లో మీ సగం ఉంది కదా, దాని బ్లాక్ తీసుకురండి."

కండని మైనంలో పోసి గడ్డకట్టించిన చిన్న దిమ్మనే బ్లాక్ అంటారు. దాన్ని కోసే స్లైడ్లు చేస్తారు. మిగిలినదాన్ని దాచిపెడతారు. కావాలంటే పేషెంట్ అడిగి తీసుకోవచ్చు. ఈ సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

మా ఆయన వెళ్ళి ఉత్తచేతులతో వచ్చారు. బయటికివ్వరట. బావగారు వెళ్ళారు. ఓనర్ లేరు, రేపు రమ్మన్నారట. ఇద్దరూ బజారులో పులులే, ఆసుపత్రి కౌంటర్ దగ్గరికొచ్చేసరికి నోట్లో నాలుక ఉండదు. ఇలా అయితే నేను బతకనని నాకు అర్థమైపోయింది. జ్వరంతోనే లేచి, మా ఆయన్ని వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను.

ల్యాబ్ ఓనర్ మర్యాదగానే మాట్లాడాడు. "ఏమీ లేదని రిపోర్టు ఇచ్చీసినాం గదమ్మా. మళ్ళీ ఏటి కావాల మీకు?"

"మీ రిపోర్టు మీకాడే ఉంచుకోండి. నా కండ నాకిచ్చీండి" అన్నాను.

"అలా ఇయ్యకూడదమ్మా. రూలుండదేటి?"

"నా మెడ కోసి తీసింది నాకు ఇయ్యకూడదని ఏ రూల్లో ఉన్నాదో సూపించండి. సంతకం కావాలంటే పెడతాను. లేదంటే ఈ కుర్చీలోనే కూసుంటాను. నాకు జొరం ఉన్నాది, దగ్గు ఉన్నాది. మీ పేషెంట్లు వొచ్చి నన్ను సూసి ఏటనుకుంటారో మీ ఇష్టం."

అలా అని నిజంగానే కూర్చున్నాను. కావాలని ఓసారి దగ్గాను కూడా. గదిలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి దూరంగా నిలబడ్డారు. ఆయన లోపలికి వెళ్ళి వెతికించి, బ్లాక్ తెచ్చి, సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు మాత్రం మనసున్న మాటే చెప్పాడు. "ఎండలో పెట్టకండమ్మా, మైనం కరిగిపోతాది. మీకు మంచి జరగాల."

బొటనవేలంత ప్లాస్టిక్ చట్రంలో తెల్లటి మైనం, మధ్యలో మట్టిరంగు చుక్క. మే నెల ఎండలు మండిపోతున్నాయి. మా ఆయన దాన్ని స్కూటర్ సీటు కింద పెట్టబోతే చేతిలోంచి లాక్కున్నాను. చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బా చుట్టూ తడిగుడ్డ చుట్టి, విజయనగరం దాకా బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటావిడ "పెరుగా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

మళ్ళీ రంగులకి డబ్బు కట్టాం. ఈసారి మా ఆయన షాపు బోర్డు ఊసెత్తలేదు.

ఫోన్ వస్తే వెళ్ళాం. డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టి, "మీరే చూడండి" అన్నారు. నీలం చుక్కల మధ్యలో అక్కడక్కడా పెద్ద కణాలు. ఒక్కోదాని చుట్టూ ముదురు గోధుమరంగు అంచు. ఎవరో పెన్నుతో గీసినంత స్పష్టంగా ఉంది.

"సీడీ థర్టీ అనే గుర్తు పాజిటివ్. సీడీ ఫిఫ్టీన్ కూడా. శ్రీకాకుళంలో వాళ్ళు చూసిన పై పొరలో ఈ కణాలు లేవు. బ్లాక్‌ని ఇంకా లోపలికి కోస్తే కుప్పలుగా ఉన్నాయి. క్లాసికల్ హాడ్జికిన్ లింఫోమా. ఇక అనుమానం లేదు."

"మంచిదా, సెడ్డదా?"

"కేన్సరే. కానీ మందుకి బాగా లొంగే కేన్సర్."

అక్కడే ఆ స్టూల్ మీద కూర్చుని ఏడ్చాను, నవ్వాను, రెండూ ఒకేసారి. కేన్సర్ అని చెప్పినందుకు సంతోషపడిన మనిషిని ఆవిడ ఎప్పుడైనా చూశారో లేదో. నాకు మాత్రం గెలిచినట్టే అనిపించింది. అన్నాళ్ళూ చీకట్లో ఎవరితో కొట్టుకుంటున్నానో తెలియలేదు, ఇప్పుడు వాడి మొహం చూశాను.

విశాఖలో కేన్సర్ డాక్టరుగారు మాట నిలబెట్టుకుని మర్నాడే కీమో మొదలుపెట్టారు. ఆ మందుల్లో ఎర్రది ఒకటుంటుంది, అది ఎక్కుతుంటే చూడబుద్ధి కాదు. వాంతులు, నోట్లో పుళ్ళు. జుట్టు గుత్తులుగా ఊడిపోతే చికాకేసి మొత్తం తీయించేశాను. గుండుకి చల్లటి గాలి తగిలితే ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పరేం? రెండో సైకిల్ తర్వాత తెల్లకణాలు పడిపోయి, చలిజ్వరంతో అడ్మిట్ అయ్యాను. ఆ నాలుగు రోజులూ మా ఆయన చెయ్యి నా చెయ్యి వదల్లేదు. డాక్టరుగారు పొద్దున్నే వచ్చి, "కౌంట్ పెరుగుతుందమ్మా, భయపడొద్దు. కోర్సు మాత్రం ఆపం" అనేవారు. పెరిగింది. ఆపలేదు.

మధ్యలో చేసిన పెట్ స్కాన్ ఫిల్మ్‌ని ఆయన వెలుతురుకి పట్టి చూపించారు. కీమోకి ముందు తీసిన పెట్ ఫిల్మ్‌లో మెడా ఛాతీ దీపాలు పెట్టినట్టు వెలుగుతున్నాయి. రెండోదాంట్లో ఏమీ వెలగట్లేదు. "కంప్లీట్ రెస్పాన్స్. మిగిలిన సైకిల్స్ పూర్తిచేద్దాం" అన్నారు. మా ఆయన క్యాంటీన్‌లో ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏదో జరగరానిది జరిగిందనుకుని ఓదార్చడానికొస్తే, "కాదండీ, తగ్గిపోనాది" అని చెప్పలేక నానా తంటాలు పడ్డారు.

బావగారు ఆ సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. "గెలిసీసినావమ్మా. నానే ముక్కలు సేయించి నీ పేనం మీదకి తెచ్చినాను" అన్నారు. "మీరు నా మంచికే సేసినారు బావగారూ, లోపలికి రండి" అన్నాను. ఇప్పుడు ఎవరైనా ఆసుపత్రి ప్రస్తావన తెస్తే ముందు ఆయనే "నాకేటీ తెల్దు, మా మరదల్ని అడగండి" అంటున్నారు.

కీమో పూర్తయి చాలా కాలమైంది. జుట్టు వచ్చింది, ఈసారి వంకీలు తిరిగి వచ్చింది. చెకప్‌లు దూరం జరిగాయి. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. షాపులో నా గొంతు మళ్ళీ బజారు చివరిదాకా వినిపిస్తోందని ఫిర్యాదులు వస్తున్నాయి.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఒక్కటే. మీలో ఎవరికైనా గడ్డ తీస్తే దాన్ని ముక్కలు చేసి పంచకండి, మొత్తం ఒకే ల్యాబ్‌కి పంపండి. రెండో డాక్టరు మాట కావాలంటే ఆ బ్లాకూ స్లైడ్లూ అడిగి తీసుకుని ఆయన దగ్గరికి పట్టుకెళ్ళండి. ఐహెచ్‌సీ అంటే బెదిరిపోకుండా, ముందు ఏవి చాలో, విడతలుగా చేస్తారో లేదో అడగండి.

మొన్న పొందూరు వైపు నుంచి ఒకావిడ మినపప్పుకి వచ్చింది. పెనిమిటికి చంకలో గడ్డట, తీశారట, ఈ రంగుల పరీక్షే రాశారట. "గాజుపెంకులకి రంగెయ్యడానికి అంత డబ్బేటమ్మా? మందులకైతే ఏదో అనుకుంటాం. ఇది లేకపోతే ఏటవుతాది?" అంది. పప్పు పక్కన పెట్టి నా సంగతంతా చెప్పాను. బ్లాక్ ఎక్కడుందో కనుక్కోమన్నాను. ఆవిడ నోరు తెరుచుకుని విని, నా మెడ మీద మచ్చ వైపు చూసి, ఇంకా నమ్మకం కుదరక అడిగింది.

"అయితే ఆ రంగులేయించినాక నీకు నిజంగా తగ్గిపోనాదా?"

"ఎదురుగుండా నిలబడి నీకు పప్పు తూస్తన్నాను, ఇంకేటి కావాలే?" అన్నాను.